నాలుగు పలకల మొన

మూడో అడాప్టర్ కూడా విరిగింది. విరిగిన సగం సాకెట్‌లోనే ఉండిపోయింది. ఆ సాకెట్ బోల్టు తలను పట్టుకుని ఇనుప స్తంభానికి వేలాడుతోంది. ఆమె నిచ్చెన మీద నుంచే బోల్టులు బిగించే డ్రైవర్‌ను నడుము కొక్కేనికి తగిలించి, సాకెట్‌ను చేత్తో ఊడబెరికి, లోపలి ముక్కను మేకుతో పొడిచి బయటికి తీసింది. విరిగిన చోట లోహం పంచదార పలుకుల్లా తెల్లగా మెరిసింది.

"మళ్ళీ విరగ్గొట్టావా?" కింద బ్యాటరీ మార్చుకుంటున్న బావ తల ఎత్తకుండానే అడిగాడు.

"విరిగింది బావా."

"నువ్వు పట్టుకుంటేనే విరుగుతాయేం మరి?"

"నీకు ఇలాంటిది ఇవ్వరుగా. ఇచ్చి చూడమను, ఎవరు పట్టుకుంటే విరుగుతుందో తేలిపోతుంది."

అతను నవ్వాడు. అక్క మొగుడు కనుక నవ్వాడు. వేరే ఫిట్టరైతే కసిరేవాడు.

అది పైకప్పు వేసి మూడు నెలలైనా నిండని గోదాము. లోపల మనిషికి నాలుగింతల ఎత్తున ఇనుప అరలు వరసలు వరసలుగా లేస్తున్నాయి. ఫిట్టర్ల చేతిలో ఉండేది ఇంపాక్ట్ రెంచి. వాళ్ళు దాన్ని గన్ను అంటారు. దాని మొన నాలుగు పలకలుగా, బొటనవేలంత లావుగా ఉండి, సాకెట్‌ను నేరుగా పట్టుకుంటుంది. హెల్పర్లకు ఇచ్చేది ఇంపాక్ట్ డ్రైవర్. దానికి మొన ఉండదు. రేకులకు స్క్రూలు దించేందుకు పెన్సిల్ పట్టేంత ఆరు పలకల రంధ్రం మాత్రమే ఉంటుంది. గోడ రేకుల పని పది రోజుల క్రితమే ముగిసింది. బోల్టుల పని హెల్పర్ల మీద పడింది గానీ పనిముట్టు మారలేదు. ఆ రంధ్రంలో దూర్చుకునేందుకు తలా ఒక అడాప్టర్ ఇచ్చారు: ఒక కొస ఆరు పలకలు, మరో కొస నాలుగు. డ్రైవర్ లోపలి సుత్తి కొట్టే దెబ్బలన్నీ పెన్సిలంత ఆ మెడ మీదే పడతాయి. అది విరగడంలో వింత లేదు. విరిగిన ప్రతిసారీ 'అజాగ్రత్త' అని రాసి హెల్పర్ చేత సంతకం పెట్టించుకోవడంలోనే వింత ఉంది.

ఫిట్టర్లు ముగ్గురు. గన్నులు నాలుగు. నాలుగోది స్టోరులో అర మీద ఉంటుంది. ఎవరూ వాడని ఆ గన్నుకు ప్రతి సాయంత్రం ఛార్జింగ్ పెట్టడం స్టోర్‌కీపర్ విధుల్లో ఒకటి.

ఆమె మధ్యాహ్నం సూపర్‌వైజర్ గదికి వెళ్ళింది. ఈ గోదాము అప్పగించేలోగా హెల్పర్లలో ఒకరిని ఫిట్టర్‌గా తీసుకుంటామని ఆయనే చెప్పాడు. షరతు ఒక్కటే: ఒక వరసలో అరలన్నీ గన్నుతో సొంతంగా బిగించి చూపాలి.

"ఆ నాలుగో గన్ను నాకివ్వండి సార్. ఒక వరస బిగించి చూపిస్తాను."

"అది ఫిట్టర్లకమ్మా."

"నేను ఫిట్టర్ కావాలంటే గన్నుతో బిగించాలన్నారు."

"అన్నాను. కాదనడం లేదు. కానీ హెల్పర్‌కు గన్ను ఇచ్చామని తెలిస్తే పైవాళ్ళు నన్ను అడుగుతారు. పైగా దాని ఊపుకు మణికట్టు తిరిగిపోతుంది. మగాళ్ళకే తిరుగుతోంది."

"ఎవరికి తిరిగింది సార్?"

"ఎవరికీ తిరగలేదు. తిరగకూడదనే ఈ జాగ్రత్తంతా."

అంతటి తర్కానికి జవాబు వెతకడం వృథా అని మూడేళ్ళ హెల్పర్ ఉద్యోగం ఆమెకు నేర్పింది. ఆమె నమస్కారం పెట్టి నేరుగా స్టోరుకు నడిచింది.

స్టోర్‌కీపర్ ముసలివాడు. పనికిరానివన్నీ విప్పి చూసే ఆమె అలవాటు చూసి 'డాక్టరమ్మ' అని పేరు పెట్టింది ఆయనే.

"నాలుగో గన్ను కావాలా? నా చేతిలో లేదు తల్లీ."

"అది కాదు. తుక్కు డబ్బాలో మోటారు కాలిపోయిన గన్ను ఒకటి ఉండాలి."

"ఉంది. చచ్చి ఏడాదైంది. శవానికి వైద్యం చేస్తావా డాక్టరమ్మా?"

"వైద్యం వద్దు. అందులో ఒక్క ఎముక చాలు."

ఆయన డబ్బా అడుగు నుంచి దాన్ని లాగి, దుమ్ము ఊది, బల్ల మీద పెట్టాడు. ఆమె తన డ్రైవర్‌ను పక్కన ఉంచింది. ఒకే కంపెనీ తయారీ. ముందు భాగాల ఆకారం ఒకటే. ఒకటి కాస్త బొద్దుగా ఉంది, అంతే.

"నాకేం తెలీదు. నేనేం చూడలేదు," అంటూ ఆయన తుక్కు పుస్తకంలో 'విడిభాగం ఒకటి' అని రాసుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

*

అక్క ఇంట్లో ఆమెకు ఉన్న చోటు ముందు గదిలో కిటికీ పక్క మంచం. మంచం ముందు నేల మీద పాత వార్తాపత్రిక పరిచి, డ్రైవర్ మూతికున్న నాలుగు స్క్రూలు తీసింది. మూతి ఊడి వచ్చింది. నల్లటి గ్రీజులో ముంచినట్టున్న భాగాలను ఒక్కొక్కటే తీసి, బయటికి వచ్చిన వరసలోనే, ఎడమ నుంచి కుడికి పేర్చింది: రంధ్రమున్న ఇరుసు, సన్నటి రింగు, సుత్తి, దాని వెనక స్ప్రింగు, రెండు ఉక్కు గుండ్లు. గుండ్లు దొర్లిపోకుండా సీసా మూతలో వేసింది. తిరిగి బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు వస్తే సరిపోతుంది.

"తినే చేతులకు ఆ గ్రీజేమిటే?" అక్క గుమ్మంలో నిలబడి అంది. "సబ్బంతా నీకే అయిపోతోంది."

"రెండు రోజులే అక్కా."

పాత గన్నులోంచి తీసిన ఇరుసును ఆమె వెలుతురుకు ఎత్తి చూసింది. సుత్తి వచ్చి కొట్టే రెండు చెవులూ రెండింటికీ ఒకే కొలత. తేడా మెడ దగ్గర ఉంది. గన్ను ఇరుసు మెడ వెంట్రుకవాసి లావు. డ్రైవర్ మూతిలో దాన్ని పట్టుకునే ఇత్తడి బుష్‌లో దూరడం లేదు. ఆమె గరుకు కాగితాన్ని సన్నటి కమ్మీకి చుట్టి బుష్ లోపల తిప్పడం ప్రారంభించింది. పది చుట్లు తిప్పడం, గుడ్డతో తుడవడం, ఇరుసు దూర్చి చూడడం, మళ్ళీ పది చుట్లు. ఎక్కువ అరిగితే ఇరుసు వదులై ఊగుతుంది. ఊగితే సాకెట్ బోల్టు తలను తినేస్తుంది. కనుక తొందరకు అందులో తావు లేదు.

బావ కుర్చీలో వెనక్కి వాలి చూస్తున్నాడు. "పిల్లిని పట్టుకుని పులిని చేస్తున్నావన్నమాట."

"పిల్లికి గోళ్ళు పెడుతున్నాను బావా. పులి కాదని నాకూ తెలుసు."

"మూతి మారిస్తే బలం వస్తుందా? సుత్తి అదే, స్ప్రింగూ అదే."

"రాదు. మొన విరగదు, అంతే. తక్కువైన బలం చేత్తో వేస్తాను."

అతను చెప్పింది నిజం. అతనికి పని తెలుసు. ఆ సంగతి ఇక్కడ చెప్పకపోతే అతనికి అన్యాయం చేసినట్టే అవుతుంది.

రెండో సాయంత్రం, దీపాలు వెలిగించే వేళకు, ఇరుసు చిన్న చప్పుడుతో బుష్‌లోకి జారి ఆగింది. కొత్త గ్రీజు పూసి, అన్నీ కుడి నుంచి ఎడమకు ఎక్కించి, నాలుగు స్క్రూలు బిగించింది. ట్రిగ్గర్ నొక్కగానే ఆరు పలకల రంధ్రం ఉండవలసిన చోట నాలుగు పలకల మొన తిరిగింది. అక్క చేతిలో గరిటతో వచ్చి చూసి, "దీనికేనా ఇంత తతంగం?" అని వెళ్ళిపోయింది.

*

కొత్త మొనకు సాకెట్ టక్కున పట్టింది. వణుకు తగ్గింది. అయితే గన్నులా ఒక్క ఊపున బోల్టును ముగించే శక్తి దానికి లేదు. సుత్తి చప్పుడు చిక్కబడే వరకూ కొట్టి ఊరుకుంటుంది. మిగిలింది చేతి పని. దానికోసం కొలత రెంచి ఉంది: కావలసిన బిగువు వరకు పిడి తిప్పి పెట్టుకుంటే, బోల్టు ఆ బిగువును అందుకున్న క్షణాన చేతిలో 'టిక్కు'మంటుంది. గన్ను వాడిన ప్రతి బోల్టునూ దానితో సరిచూడాలని గోడ మీద అతికించిన కాగితంలో ఉంది. ఆ రెంచి బావ పెట్టె అడుగున ఉంది.

"తీసుకుంటాను బావా?"

"తీసుకో. గన్నున్నవాడికి అదెందుకు?"

ఒక వరసకు, స్తంభానికీ స్తంభానికీ మధ్య, పన్నెండు గడులు, గడికి పదహారు బోల్టులు. ఒకటో గడి నుంచి ఆమె, పన్నెండో గడి నుంచి బావ బయలుదేరి మధ్యలో కలుసుకోవాలని అనుకున్నారు. రెండో వరసలో అతనికి పెద్ద తలుపు వైపు గాలి కావాలనిపించింది, వైపులు మార్చుకున్నారు. మూడో వరసలో ఆ వైపు ఎండ పడింది, మళ్ళీ మార్చుకున్నారు. నాలుగో వరసలో మార్చుకోలేదు. ఆమె ప్రతి బోల్టు దగ్గరా టిక్కు వినేదాకా కదలలేదు. బావ గన్ను మూడు సెకన్లు గర్జించి తర్వాతి బోల్టుకు పోయేది. బ్యాటరీ సగానికి దిగినా ఆ గర్జన తగ్గదు. దిగేది బలం మాత్రమే. అది చెవికి వినిపించదు.

బిగించిన బోల్టు మీద ఫిట్టర్ తన రంగుతో గీత గీస్తాడు. బావది పసుపు. హెల్పర్లకు రంగు ఉండదు. కనుక పన్నెండు గడులూ అయ్యాక అతనే పసుపు కలం పట్టుకుని ఆ కొస నుంచి ఈ కొస దాకా వచ్చాడు. ఆమె బోల్టుల మీద కూడా, వాటిని తాకనైనా తాకకుండా, గీతలు గీసుకుంటూ పోయాడు.

"ఇవి నేను బిగించానని సూపర్‌వైజర్‌తో చెప్తావా?" ఆమె అడిగింది.

"చెప్తాలే. సమయం చూసి."

మూడు రోజుల్లో నాలుగు వరసలు పూర్తయ్యాయి. అంతకు ముందు రెండు రోజులకు ఒక వరసైతే గొప్ప. సూపర్‌వైజర్ వచ్చి, బావ భుజం తట్టి, ఆమె చేతిలోని పరికరాన్ని తిప్పి చూశాడు.

"ఇదేదో భలే ఉందే. ఎవరు చేశారు?"

"ఇంట్లోనే చేశాం సార్," అన్నాడు బావ.

ఆ చేయడంలో అతని పాత్ర కుర్చీలో వాలి కూర్చోవడం. సూపర్‌వైజర్ పరికరాన్ని ఆమెకు కాక అతనికి తిరిగి ఇచ్చాడు. సమయం అప్పుడు వచ్చింది, వచ్చినట్టే వెళ్ళిపోయింది. బావ చెప్పలేదు.

*

తనిఖీకి వచ్చిన ఇంజనీరు సన్నటి మనిషి, తక్కువ మాట్లాడేవాడు. సొంత కొలత రెంచి తెచ్చుకున్నాడు. మొదటి వరసలో ఒకటో గడి నుంచి మొదలుపెట్టాడు. టిక్కు, టిక్కు, టిక్కు. రెంచి వేశాక బోల్టు కదలకుండా టిక్కుమంటే బిగువు సరిగ్గా ఉన్నట్టు. ఆరో గడి దాకా ఒక్క బోల్టూ కదలలేదు. ఏడో గడిలో మూడో బోల్టు పావు చుట్టు తిరిగింది. తర్వాతిది సగం చుట్టు తిరిగింది. అక్కడక్కడ ఆరేడు బోల్టులు గట్టిగా ఉండి, ఆ తర్వాత వదులవుతూ పోయాయి.

"ఈ పసుపు ఎవరిది?"

బావ ముందుకు వచ్చాడు. ఇంజనీరు అతన్ని చూసి, పక్కనే నిలబడ్డ ఆమె చేతిలోకి చూశాడు. "అదేమిటి?"

బావ గొంతు సవరించుకున్నాడు. "మా మరదలండి. డ్రైవర్‌ని విప్పి గన్నులా మార్చింది. వద్దన్నాను సార్. వినే రకం కాదు."

సూపర్‌వైజర్ ముఖంలో తేటదనం కనబడింది. కారణం దొరికిన మనిషి ముఖం అలాగే ఉంటుంది. "కంపెనీ సామాను విప్పడమేమిటమ్మా? ఎవరిని అడిగి విప్పావు? ఎల్లుండి మధ్యాహ్నం సరుకు దిగుతోంది. ఈ అరలు జనం మీద కూలితే ఎవరిది పూచీ? రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఆమె బావ వైపు చూసింది. అతను పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నాడు. నోరు విప్పితే ఇంట్లో ఏమవుతుందో ఆమెకు తెలుసు. విప్పకపోతే ఏమవుతుందో ఇప్పుడే విన్నది.

"ఏ గడులు వదులయ్యాయి సార్?" ఇంజనీరును అడిగింది.

"ఏడు నుంచి పన్నెండు."

"ఒకటి నుంచి ఆరు నేను బిగించినవి."

"అన్నిటి మీదా ఆయన గుర్తే ఉంది కదమ్మా," అన్నాడు సూపర్‌వైజర్.

"గుర్తు ఆయనదే. మాకు గుర్తు ఉండదు కదా. సార్, రెండో వరస ఇంకా చూడలేదు మీరు. అక్కడ వైపులు మార్చుకున్నాం. ఒకటి నుంచి ఆరు వదులుగా ఉంటాయి, ఏడు నుంచి పన్నెండు కదలవు. మూడు, నాలుగు వరసలు మళ్ళీ మొదటి దానిలాగే. చూడండి. తేడా వస్తే మీరు పొమ్మనక్కర్లేదు, నేనే పోతాను."

ఇంజనీరు రెంచి ఎత్తుకుని రెండో వరసకు నడిచాడు. రెండో వరసకు ముప్పావు గంట పట్టింది. మూడో వరసకు అరగంట పట్టింది. నాలుగో వరసలో రెండు గడులు చూసి, అన్నీ ఆమె చెప్పినట్టే ఉండడంతో రెంచి దించేశాడు.

ఆయన కాగితం మీద రాసినవి రెండు వాక్యాలు. ఫలానా ఇరవై నాలుగు గడులు తిరిగి బిగించాలి. ఫలానా మార్చిన పరికరాన్ని వాడరాదు.

"బోల్టులు బాగానే బిగించారు," అన్నాడు ఆమెతో. "కానీ తయారీదారు ఇవ్వని రూపంలో ఉన్న పనిముట్టుకు నేను ఒప్పుకోలేను. రేపు అది మీ చేతిలోనే పగిలితే?"

ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆమె పరికరాన్ని బల్ల మీద పెట్టింది. ఆ విధంగా తప్పు చేసిన చేతిలో గన్ను మిగిలింది, ఒప్పు చేసిన చేతిలో ఏమీ మిగల్లేదు. పొమ్మన్న మాటను సూపర్‌వైజర్ వెనక్కి తీసుకోలేదు, మళ్ళీ అననూ లేదు.

ఇంటికి ఆమె కంటే ముందే కబురు చేరింది. అక్క బట్టలు మడతపెడుతోంది. మడత సరిగానే ఉన్నా విప్పి మళ్ళీ పెడుతోంది.

"నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది?"

"నా పని పోయేది అక్కా."

"నీ పని పోతే ఇక్కడ తింటావు. ఇన్నాళ్ళూ కాదన్నామా? ఆయన పని పోతే అందరం కలిసి ఎక్కడ తింటాం?"

బావ మెట్ల మీదే కూర్చున్నాడు. భోజనానికి పిలిచినా లోపలికి రాలేదు. ఆమె కిటికీ పక్క మంచం మీద పడుకుని, ఆ మంచం ఇంకెన్నాళ్ళు తనదో లెక్క వేయబోయి మానుకుంది.

*

ఉదయం ఆమె అలవాటు ప్రకారమే గోదాముకు వెళ్ళింది. ఆపిన వాళ్ళు లేరు. సూపర్‌వైజర్ స్వయంగా నాలుగో గన్నును పట్టుకొచ్చి ఆమె ముందున్న పెట్టె మీద పెట్టాడు.

"మిగతా ఇద్దరు ఫిట్టర్లూ చివరి వరసలు వదిలి రాలేరు. ఆ ఇరవై నాలుగు గడులూ నువ్వే బిగించు. మీ బావను ఇవాళ కింద ఉండమన్నాను. రెండింటికి ఇంజనీరు వస్తాడు."

ఆమె గన్నును తాకలేదు. "రాసివ్వండి సార్."

"ఏం రాయాలి?"

"ఈ పని ఫిట్టర్‌గా నాకు అప్పగించినట్టు."

"రాతకోతలు తర్వాత చూద్దాం. ముందు పని కానీ."

"తర్వాత మీకు గుర్తుండదు సార్. మీకు పనులెక్కువ."

ఆమె బోల్టుల పెట్టె మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆ కూర్చోవడంలో మొండితనం గానీ, దైన్యం గానీ లేవు. బస్సు కోసం కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉంది. సూపర్‌వైజర్ గడియారం చూసుకున్నాడు. అటు పది అడుగులు, ఇటు పది అడుగులు నడిచాడు. చివరికి జేబులోంచి చీటీ పుస్తకం తీసి, గోడకు ఆనించి నాలుగు పంక్తులు గీకి ఇచ్చాడు.

ఆమె రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చింది. "'ఫిట్టర్ పర్యవేక్షణలో' అని రాశారు."

"అది ఊరికే. రివాజు."

"కొట్టేయండి."

"బాగుంది వరస. ఇదిగో, నువ్వైనా చెప్పవయ్యా నీ మరదలికి," అన్నాడు స్తంభం పక్కన నిలబడ్డ బావతో.

బావ వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గడ్డం గీసుకోలేదు. చీటీ తీసుకుని చదివాడు. ఆమె అతని ముఖం వైపు చూడలేదు. పెట్టె చెక్కలో పైకి లేచిన మేకు తలను చూస్తోంది.

"కొట్టేయండి సార్," అన్నాడతను. "నా బోల్టులే నేను చూసుకోలేదు. ఆవిడవి నేనేం చూశాను?"

అంతవరకు అతను ఆమెను 'అది' అనేవాడు, లేదా 'మా మరదలు' అనేవాడు. సూపర్‌వైజర్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఆ మాట కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. 'ఈ నాలుగు వరసల మేరకు' అన్న మాటను మాత్రం అలాగే ఉంచాడు. ఆమె దాన్ని కూడా గమనించింది. నాలుగు వరసల తర్వాత తాను ఏమవుతుందో ఆ కాగితం చెప్పదు. దాని మీద పేచీ పెట్టేందుకు వేరే రోజు ఉంటుందో ఉండదో తెలియదు. చీటీని మడిచి లోపలి జేబులో పెట్టుకుంది. గుర్తు కోసం స్టోరులో తెల్ల కలం ఒక్కటే మిగిలి ఉంటే అది తెచ్చి ఇచ్చారు.

"ఇక మొదలుపెడతావా?"

"హెల్పర్ ఏరి సార్?"

"హెల్పరా?"

"ఫిట్టర్‌కు ఒక హెల్పర్ ఉండాలి కదా. పైకి బోల్టులు అందించేవాళ్ళు కావాలి. వదులైన వాటిలో తల అరిగినవి ఉంటాయి, అవి మార్చాలి."

సూపర్‌వైజర్ నాలుగు వైపులా చూశాడు. హెల్పర్లందరూ చివరి వరసల మీద ఉన్నారు. ఆయన ఎవరినో కేకేయబోయేంతలో బావ వంగి బోల్టుల బకెట్ ఎత్తాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు. సూపర్‌వైజర్ తన బూట్ల వైపు చూసుకుంటూ గదికి వెళ్ళిపోయాడు.

ఆమె గన్ను తీసుకుని మొదటి వరస ఏడో గడి దగ్గర నిచ్చెన ఎక్కింది. అది అనుకున్నంత బరువే ఉంది. పైకి చేరాక తాడు కిందికి వదిలింది. బావ బకెట్‌ను తాడు చివరి కొక్కేనికి తగిలించాడు. ఆమె లాగింది. సగం దూరం వచ్చాక బకెట్ పక్కకు ఒరిగింది. రెండు బోల్టులు జారి నేల మీద మోగాయి.

ఆమె తాడు మళ్ళీ దించింది.

"ఒక పక్కకు తగిలించావు బావా. పిడి మధ్యలో తగిలించాలి."

అతను బోల్టులు ఏరి బకెట్‌లో వేసి, కొక్కేన్ని పిడి మధ్యకు జరిపి, తల ఎత్తి ఆమె వైపు చూశాడు.

"ఇలాగేనా?"

"ఇంకొంచెం ఇవతలికి," అంది.